లిబియా ప్రజలు ఏం తింటారు, ఏం తాగుతారు?

ముందు చెప్పాల్సింది బజీన్ గురించే. బార్లీ పిండిని ఉప్పునీళ్లలో ఉడికించి, వేడి తగ్గకముందే కర్రతో గట్టిగా కలిపి ముద్ద చేస్తారు. మన సంగటి గెలికినట్టే, కాకపోతే ఇది ఇంకా బిగువు. ఆ ముద్దను గోపురంలా మలిచి పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి, చుట్టూ టమాటా వేసి వండిన గొర్రె మాంసం పులుసు పోస్తారు. బంగాళాదుంపలు, ఉడికించిన గుడ్లు పక్కన ఉంటాయి. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, కుడిచేత్తో తుంచి, పులుసులో మెదిపి తింటారు. చెంచాతో తింటే అందులో సగం మజా పోయినట్టే.

తీపి ముద్ద కావాలంటే అసీదా. గోధుమపిండితో చేసి, నెయ్యో వెన్నో, ఖర్జూర పాకమో తేనో పోస్తారు. మిలాద్ ఉన్ నబీ పొద్దున చాలా ఇళ్లలో ఇదే. రంజాన్‌లో ఉపవాసం విడిచాక పుదీనా వాసనొచ్చే మాంసం షోర్బా.

రాజధాని ట్రిపోలీ ఉన్న పడమటి వైపు కుస్కుస్ (ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ పలుకులు), తూర్పున అన్నం ఎక్కువ. 1911లో వచ్చిన ఇటలీవాళ్లు మకరోనీ అలవాటు చేశారు. లిబియన్లు దాన్ని విడిగా ఉడికించి వార్చరు, కారం పులుసులోనే ఉడికిస్తారు. పేరు ఎంబక్బక.

మద్యం నిషేధం. అందుకేనేమో టీ అంటే అంత పట్టింపు! చక్కెర దండిగా వేసి, చిక్కగా మరిగించి, నురగ వచ్చేదాకా ఎత్తు నుంచి తిరగబోస్తారు. చిన్న గ్లాసుల్లో విడతలవారీగా ఇస్తారు. చివరి విడతలో వేయించిన వేరుశనగ పలుకులు తేలుతుంటాయి.