పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాం ఎల్‌ఫోర్ట్రాన్‌లో ఆగిపోవడం: సమాధానం

నమస్తే సార్. మునుగోడు, మర్రిగూడ బోరుబావుల ఫ్లోరైడ్ లెక్కలు కట్టే మీ ఫోర్ట్రాన్ 77 (పాత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాం జీఫోర్ట్రాన్ అనే కంపైలర్‌లో (ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాధనంలో) నడుస్తూ ఎల్‌ఫోర్ట్రాన్ అనే మరో కంపైలర్‌లో ఆగిపోతోందని, మిన్‌ప్యాక్ అనే పాత ఫోర్ట్రాన్ గణిత లైబ్రరీనే కంపైల్ చేసిన సాధనం దీన్ని ఎందుకు కాదంటోందని అడిగారు.

2023లో ఎల్‌ఫోర్ట్రాన్ మిన్‌ప్యాక్‌ను కంపైల్ చేసి నడపడం నిజంగానే పెద్ద మైలురాయి. అయితే ఆ లైబ్రరీలో వాడిన భాషాంశాలు పనిచేస్తున్నాయని మాత్రమే దాని వల్ల తెలుస్తుంది. మీ ప్రోగ్రాంలోని కామన్ బ్లాకులకో (ఉపప్రోగ్రాంలు పంచుకునే చలరాశుల సముదాయాలకో), ఫార్మాట్ వాక్యాలకో (అంకెలను చదివే, రాసే తీరును చెప్పే వాక్యాలకో) అది హామీ కాదు.

మీ ఇబ్బందికి కారణం బహుశా ఇంతకన్నా చిన్నదే. ప్రకటించని చలరాశులను పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి పూర్ణాంకాలుగానో వాస్తవ సంఖ్యలుగానో భావించే పాత పద్ధతిని ఎల్‌ఫోర్ట్రాన్ తనంతట తాను అనుమతించదు, అడిగితేనే అనుమతిస్తుంది. (ఈ పట్టుదల మంచిదేనని నా అభిప్రాయం.) అందువల్ల ఫిక్స్‌డ్ ఫాం (గడుల ప్రకారం రాసే పాత తీరు), ఇంప్లిసిట్ టైపింగ్ (పైన చెప్పిన పాత పద్ధతి), ఇంప్లిసిట్ ఇంటర్‌ఫేస్ (వివరాలు ముందుగా ప్రకటించకుండానే ఉపప్రోగ్రాంలను పిలవడం) అనే మూడు ఆప్షన్లనూ, ఒక్కొక్కదాని ముందు రెండు అడ్డగీతలు, పదాల నడుమ ఒక అడ్డగీత పెట్టి, ఆదేశంలో చేర్చండి. వాక్యాలు ప్రతి వరుసలో 7 నుంచి 72వ గడి (అక్షర స్థానం) లోపలే ఉన్నాయో లేదో కూడా చూడండి.

అప్పటికీ ఆగితే, తప్పు చూపే కొద్ది వరుసలను విడదీసి, చిన్న ఉదాహరణగా దాని నిర్మాతలకు పంపండి. నివేదికలో ఇచ్చే అంకెలకు మాత్రం, 2005 నాటి జీసీసీ (జీఫోర్ట్రాన్ భాగంగా ఉన్న కంపైలర్ల సముదాయం) 4.0 నుంచి వాడుకలో నలిగిన జీఫోర్ట్రాన్‌నే ప్రస్తుతానికి వాడండి.