సొరచేపల నీళ్లలో ఉండబోయే మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

నిన్న మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, ఎవరో పంపిన వీడియోలో సొరచేప బోటు పక్కనే తిరుగుతా ఉందంట, నా కొడుకుని మాల్దీవులు పంపను తమ్ముడూ అంటుంది. ఎనిమిదేళ్లు అక్కడ టూరిస్టుల్ని దీవుల మధ్య తిప్పే సఫారీ బోట్లలో ఇంజిన్ చూసుకుంటా తిన్నా పడుకున్నా నీళ్ల మీదే ఉన్నోడిని, అక్కకి నేను సర్దిచెప్తాలే. ప్రపంచం మొత్తం మీద మనిషి కెలక్కుండా సొర కరిచిన కేసులు ఏడాదికి 60, 70 దాకా అంతే, ఆ మాట నువ్వూ చెప్పు. నీకు మాత్రం కాగితం మీద పెట్టి చెప్పాల్సినవి ఉన్నయ్, ఫోన్లో అయితే ఊ ఊ అని పెట్టేస్తావ్.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. సొర బోటు దగ్గరికి వచ్చేది తిండి కోసం, ఆ తిండి వేసేది మనమే.

నేను వెళ్లిన కొత్తల్లో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, వంటాయన ట్యూనా కోసిన బకెట్ ఇచ్చి కడుక్కురమ్మంటే వెనక మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసి కడుగుతున్నా. రక్తం నీళ్లు మెల్లగా పాకినయ్, చిన్న చేపలు గుంపుగా వచ్చి ముక్కలు ఏరుకు తింటున్నయ్, చూట్టానికి బాగానే ఉంది. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి చెదిరిపోయినయ్. ఏందా అనుకునేలోపు నా పిక్కకి ఏదో రాసుకుంటా పోయింది, ఉప్పు కాగితం పెట్టి రుద్దినట్టు. తోలు లేచి సన్నగా రక్తం చిమ్మింది. కరవలేదు, ఊరికే తగిలి పోయింది, కాళ్లు పైకి లాక్కున్నాక చూస్తే ఆరడుగులది తిరిగి వస్తా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. చిన్న చేపలు మాయమైతే ఏదో వచ్చిందని అర్థం, ఈ గుర్తు ఎప్పుడూ మర్చిపోమాక. ఆ మర్నాటి నుంచి చేప కోసిన బకెట్‌కి మూత పెట్టి, బోటు లంగరెత్తి దూరం పోయాకే పారబోసేవాళ్లం. నువ్వెళ్లే బోటులో ఆ పద్ధతి లేకపోతే కొత్తోడినని ఊరుకోకుండా అడుగు.

దీవుల దగ్గర పగడపు దిబ్బకి ఇవతల నీళ్లు మోకాళ్ల లోతే ఉంటయ్, అడుగున ఇసక కూడా కనపడుద్ది. అక్కడ నడుస్తుంటే మూరెడు పొడుగు పిల్ల సొరలు నీ కాళ్ల చుట్టూ తిరుగుతయ్, రెక్క చివర కాటుక పెట్టినట్టు నల్లగా, బ్లాక్‌టిప్ అంటారు. పెద్దయినా అయిదడుగులకి అటూ ఇటూ. పెద్ద చేపలు మింగకుండా తలదాచుకోటానికే ఆ లోతులేని చోటికి వస్తయ్ పాపం. తపతపా కాళ్లు కొడితే మాత్రం చేపనుకుని పాదం పట్టే ప్రమాదం ఉంది, అందుకని ఇసకలో పాదం జరుపుకుంటా నడువు, ఇసకలో దాక్కునే టేకు చేప (స్టింగ్‌రే) ముల్లు కూడా దాంతో తప్పుద్ది.

నర్స్ షార్క్ అని ఇంకోటి, పదడుగుల దాకా పెరుగుద్ది, పగలు రాళ్ల కింద పడుకునే ఉండిద్ది, టూరిస్టులు తోక పట్టుకుని ఫోటో దిగాలని చూస్తారు. నువ్వు పట్టుకోమాక, వాళ్లనీ పట్టుకోనివ్వమాక, అది కరిస్తే వదలదు. వావు అటోల్‌లో (అటోల్ అంటే ఉంగరంలా ఉండే పగడపు దీవుల వరస) అలిమతా దీవి దగ్గర రాత్రిళ్లు ఇవి మందలు మందలుగా వస్తయ్, ఏళ్ల తరబడి చేప ముక్కలు వేసి వేసి మనుషులు నేర్పిన అలవాటే అది.

నువ్వు కృష్ణలో ఈత నేర్చుకున్నోడివి, ఘాటు మీద నుంచి దబ్బున దూకుడే నీకు తెలుసు. అక్కడొద్దు. ముందు మాస్కు నీళ్లలో పెట్టి చుట్టూ చూసుకుని నిచ్చెన మీద నిదానంగా దిగు. తెల్లారగట్ల, పొద్దుగూకే వేళ అవి వేటాడే టైము, వాన పడి నీళ్లు మురిగ్గా ఉన్నా అంతే, దిగొద్దు. మెడలో గొలుసు, వెండి మొలతాడు ఎండకి చేప పొలుసులా మెరుస్తయ్, అమ్మ వేసిన దుర్గమ్మ లాకెట్ కూడా తీసి కేబిన్‌లో పటం దగ్గర పెట్టు, అమ్మవారేం అనుకోదు.

ఎదురుపడితే వీపు తిప్పి ఈదమాక. నిటారుగా ఉండి దాని మీద చూపు తియ్యకుండా మెల్లగా నిచ్చెన వైపు వెనక్కి రా. బూడిద రంగు సొర నడుం విల్లులా వంచి పక్క రెక్కలు కిందకి దించిందంటే కోపంగా ఉందని, చోటు ఖాళీ చెయ్యి. ఇంకో మాట, మన నిజాంపట్నం రేవులో సొర కొని పుట్టు చేసుకున్నట్టు అక్కడ కుదరదు, 2010లోనే ఆ దేశం సొర వేటని నిషేధించింది.

ఒకవేళ ఎవరికన్నా కరిస్తే ముందు నీళ్లలోంచి బయటికి లాగి, శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. అప్పటికీ చెయ్యో కాలో చిమ్ముతుంటే గాయం మీద కాకుండా గుండె వైపు కాస్త పైన బిగించి కట్టి టైము రాసి పెట్టుకుని, రేడియోలో పిలిచి డాక్టర్ దగ్గరికి.

బోటు ఎక్కిన రోజే వెనక నిచ్చెనా, మందుల పెట్టె ఎక్కడుందో అదీ, వంటింటి బకెట్టూ, మూడూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను చూసి చెప్తా.

మీ మామయ్య,
విజయవాడ