తెరచాప నేర్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఏడాది పదవీ విరమణ చేశాక హుస్సేన్‌సాగర్‌లో బస్తీ పిల్లలకు తెరచాప పడవ నేర్పాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కొలువులో, ఆ తరువాత పన్నెండేళ్లు ఆ గట్టు మీద గడిపిన అనుభవంతో చెబుతున్నాను: ఆఫీసులో అలవడిన వాటిలో రిజిస్టరు రాసే అలవాటును వెంట తెచ్చుకో, ఆజ్ఞాపించే అలవాటును మాత్రం తెచ్చుకోకు.

మొదటి ఏడాది నేను దీనికి సరిగ్గా విరుద్ధంగా నడుచుకున్నాను. పిల్లలను వరుసగా నిలబెట్టి గంటసేపు బోధించేవాణ్ణి గాని, నీళ్ల మీదికి ఎవరెవరు వెళ్లారో రాసుకునేవాణ్ణి కాదు. ఒక జులై సాయంత్రం పడమటి గాలి హఠాత్తుగా ముదిరితే పడవలన్నిటినీ వెనక్కి పిలిపించాను. అందరూ వచ్చారనుకుని లైఫ్ జాకెట్లు లెక్కపెడుతుంటే ఒకటి తగ్గింది. పదకొండేళ్ల పిల్లవాడొకడు బుద్ధ విగ్రహానికి అవతల, బోర్లాపడిన పడవను పట్టుకుని ఇరవై నిమిషాలుగా నీళ్లలో ఉన్నాడు. ఏం జరిగినా పడవను వదలకూడదని నేర్పిన మాట వాడు మరువకపోవడం వల్ల బతికాడు. తప్పు పూర్తిగా నాది. వాడి తల్లికి ఆ రాత్రే ఇంటికి వెళ్లి చెప్పాను. ఆనాటి నుంచి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చినప్పుడు ఒకసారి ప్రతి పేరుకు ఎదురుగా గుర్తు పెట్టనిదే నేను గట్టు దిగలేదు.

పడమటి గాలికి అదుపు తప్పిన పడవ టాంక్‌బండ్ వైపే కొట్టుకుపోతుంది కనుక, రక్షణ బోటును ఆ దిక్కున ఉంచు. నెక్లెస్ రోడ్ వైపు చెట్లు, భవనాలు గాలిని విరిచేస్తాయి. అక్కడ నెమ్మదిగా ఉందని చూసి నడిమధ్యకు చిన్నపిల్లలను పంపవద్దు. నీటి మీద నల్లని మరకలా ముడతలు కదలి వస్తుంటే గాలి దెబ్బ రాబోతున్నదని ముందుగా వాళ్లకు చూపించు.

పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవ సరిపోతుంది. పొడవు సుమారు 2.3 మీటర్లు, ఒకే తెరచాప, ఒంటరిగా నడపవచ్చు. మొదటి పాఠంగా వేగం కాదు, ఆగడం నేర్పు: భయమేస్తే తెరచాప తాడు వదిలేయాలి, అప్పుడు చాపలో గాలి నిలవక పడవ నెమ్మదిస్తుంది. బోర్లాపడిన పడవ అడుగు నుంచి పొడుచుకు వచ్చే పలకపై నిలబడి దాన్ని తిప్పే అభ్యాసాన్ని ముందు ఈత కొలనులో చేయించు, ఎందుకంటే సాగర్ నీరు శుభ్రమైనది కాదు. ఒంటిపై పుండున్న పిల్లవాణ్ణి నీళ్లలోకి దించకు. తిరిగి వచ్చాక అందరూ సబ్బుతో కడుక్కునేలా చూడు.

ఆజ్ఞాపించడం ఎందుకు వద్దంటున్నానో నీళ్ల మీద నీకే తెలుస్తుంది. గాలికి ఎదురుగా మన కేక చేరదు. ప్రతిదానికీ నీ ఆదేశం కోసం ఎదురుచూడటం నేర్చిన పిల్ల, చాప తాడు వదలవలసిన క్షణంలో ఒడ్డు వైపు చూస్తూ ఉండిపోతుంది. కాబట్టి ఒడ్డున ఉన్నప్పుడే, ‘ఇప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందమ్మా?’ అని అడుగు, చెప్పేదాకా ఓపికపట్టు.

మరొక సంగతి. నీది కేంద్ర సర్వీసు గనుక, 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం చదువుకో. జీతం తీసుకోని గౌరవ సేవకు అది అడ్డుపడదు గాని, ఎన్నిక ద్వారా వచ్చే పదవికి ముందస్తు అనుమతి కావాలంటుంది. విరమణ అయ్యేదాకా తెరచాప పడవల సంఘంలో పదవి తీసుకోకుండా, చాపలు కుట్టడం, పడవలు కడగడం వంటి పనులు చేయి. పిల్లల తల్లిదండ్రులు నిన్ను సార్ అని కాక అన్నా అని పిలవడం మొదలుపెట్టేది ఆ పనుల దగ్గరే.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు గట్టు మీద ఉంటాను. కళ్లజోడుకు తాడు కట్టుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య