తాగుడు మాన్పించడానికి ఆస్పత్రిలో చేర్చాల్సిందేనా? ఇంటి దగ్గరుండి వైద్యం చేయించవచ్చా?

మీ అన్నయ్య రోజూ రెండు క్వార్టర్లు తాగుతారని, చేర్చకుండా మాన్పించే దారి కావాలని, తెలియకుండా కూరలో కలిపే మాత్ర గురించి ఎవరో చెప్పారని రాశారు. ముందు ఆ చివరి సంగతి: దయచేసి కలపొద్దు.

ఆ మాత్ర డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. ఆయన ఒప్పుకున్నాకే, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే, డాక్టరు చెబితేనే వాడాలి. ఆపేసినా రెండు వారాల దాకా ప్రభావం పోదు. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్పు తాగినా ఇబ్బందే.

ఇంటి నుంచి ఓపీకి తిరుగుతూ మానడం చాలామందికి కుదురుతుంది. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, కామెర్లున్నా, రాత్రిళ్లు పక్కన మనిషి లేకపోయినా మాత్రం చేర్చండి.

మాల వేయించో, ఒట్టు పెట్టించో డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపించడం రోజూ ఎక్కువగా తాగేవాళ్లకు ప్రమాదం. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా తొలి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు తర్వాత అయోమయంగా మాట్లాడినా, గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ దశ దాటించడానికి సైకియాట్రిస్టులు సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తారు, లివర్ దెబ్బతిని ఉంటే లోరాజెపామ్. మొదట ఎక్కువ మోతాదు, తర్వాత తగ్గిస్తూ వారం లోపు ఆపేస్తారు. స్ట్రిప్పు మీ దగ్గరే ఉంచుకుని పూటకు ఎంతో అంతే ఇవ్వండి. వీటి మీద తాగితే ఊపిరి మందగిస్తుంది. ఆ రోజుల్లో బండి తాళాలు కూడా తీసి పెట్టండి.

ఇంకో పొరపాటు మన ఊళ్లలో మామూలు: నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించడం. తాగేవాళ్లలో బి1 విటమిన్ (థయామిన్) అడుగంటి ఉంటుంది. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని నడక తూలడం, జ్ఞాపకశక్తి పోవడం జరగవచ్చు. "ముందు థయామిన్ ఇచ్చారా?" అని మీరే అడగండి.

తెలంగాణలో ఉండి కల్లు కూడా తాగుతుంటే అదీ డాక్టరుకు చెప్పాలి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు, మానినప్పుడు వాటి బాధ వేరుగా ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎంతోమంది ఎర్రగడ్డ ఆస్పత్రికి వచ్చింది ఇందుకే.

వారం గడిచాక వణుకు తగ్గగానే "నయమైపోయింది" అని చాలా కుటుంబాలు ఆస్పత్రికి వెళ్లడం మానేస్తాయి. అసలు వైద్యం అప్పుడే మొదలవుతుంది. తాగాలన్న యావ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి ఇస్తారు. తొలి రోజుల్లో వికారం ఉంటే సగం మాత్రతో మొదలుపెడతారు. తిన్నాక వేసుకుంటే మేలు. లివర్ పరీక్ష ముందే చేయించాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో కలపకూడదు. లివర్ బాగా లేనివాళ్లకు అకాంప్రోసేట్ ఉంది: 333 మిల్లీగ్రాములవి రెండేసి, మూడు పూటలా. దానికి కిడ్నీ పరీక్ష కావాలి. పూటకు రెండేసి మింగడం విసుగొచ్చి మధ్యలో వదిలేసేవాళ్లే ఎక్కువ, కాబట్టి డబ్బాలో పూటపూటకూ సర్ది పెట్టండి. కనీసం ఆరు నెలలు వాడాలనుకోండి, ఏడాదైనా ఆశ్చర్యం లేదు.

మాత్రలతో పాటు కౌన్సెలింగ్ తప్పనిసరి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం. పెద్ద ఊళ్లలో తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులుంటాయి, ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ ఉంది. వదినగారిని అక్కడికి పంపండి, ఇన్నాళ్లూ మోసింది ఆవిడ.

మధ్యలో ఒకరోజు తాగి వస్తే అరవొద్దు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అయితే ఆపకుండా మర్నాడు డాక్టరుకు చెప్పండి. డైసల్ఫిరామ్ మీద ఉండగా తాగితే మాత్రం మర్నాటి దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి.