సైకాలజీలో లెక్కలు చూసి వెనక్కి తగ్గొద్దు

మీ చెల్లి ఇంటర్ సీఈసీ, డిగ్రీలో సైకాలజీ తీసుకుందామంటే సిలబస్‌లో స్టాటిస్టిక్స్ పేపర్ చూసి టెన్షన్ పడుతోందన్నారు కదా అక్కా. నిజంగా భయపడక్కర్లేదు. డిగ్రీ స్థాయిలో ఉండేది సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారుతున్నాయో), టీ-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసేది) లాంటివి, పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లు రోజుకో అరగంట కూర్చుంటే వచ్చేస్తాయి.

మిగతా పేపర్లు జనరల్, డెవలప్‌మెంటల్ (వయసుతో వచ్చే మార్పులు), సోషల్ (నలుగురిలో మనిషి తీరు), అబ్నార్మల్ (మానసిక సమస్యలు) సైకాలజీ, ఇవి చదువుతుంటే మన ఇంట్లోవాళ్లే కళ్ల ముందు కనిపిస్తారు. నాకు బాగా నచ్చింది మాత్రం ప్రాక్టికల్స్. చేతిని నేరుగా చూడకుండా అడ్డుపెట్టి, అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీయాలి, పెన్సిల్ ఎటు తిప్పితే అటు తప్పుతుంది, పక్కనవాళ్లు స్టాప్‌వాచ్‌తో టైమూ తప్పులూ రాస్తారు. నాలుగైదు సార్లకి తప్పులు తగ్గుతాయి, ఆ అంకెల్నే గ్రాఫ్ గీస్తాం. స్టాటిస్టిక్స్ ఎందుకో అప్పుడు దానంతటదే అర్థమవుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్ ఉందా, పరికరాలు వాడుతున్నారా అని వెళ్లి చూడండి, ఇది ముఖ్యం. బీఏనా బీఎస్సీనా అనేదానికంటే నాకు అదే పెద్ద విషయం.

ఇంకోటి, మూడేళ్ల మామూలు డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్ట్, అంటే మానసిక సమస్యలను అంచనా వేసి థెరపీ ఇచ్చే నిపుణులు, అయిపోరు. దానికి పైచదువు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ నిపుణుల్ని నమోదు చేసే చట్టబద్ధ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. ఆ సంగతి చెల్లికి ఇప్పుడే చెప్పండి.