వెల్డింగ్ బూట్లకు తోలు, లేసులు

షెడ్డులో వెల్డింగ్, గ్రైండింగ్ పనికి కుట్టించుకునే బూట్లకు ఏ తోలు మంచిది, పాత జతకు లేసులు ఊరికే ఎందుకు తెగుతున్నాయి అని అడిగారు కదా.

ముందు లేసుల సంగతి. నా అనుమానం, అవి తెగడం లేదు, కరుగుతున్నాయి. కొసను పట్టి చూడండి. గట్టి పూసలా ముద్దకట్టి ఉంటే నిప్పురవ్వల పనే. లేసుల్లో వాడే నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రవ్వ వేడి అంతకు చాలా ఎక్కువ. కెవ్లార్ (వేడిని తట్టుకునే గట్టి కృత్రిమ నార) లేసులు కరగవు. కాకపోతే ముడి జారుతుంది, రెండు ముళ్లు వేయాలి. 8 అంగుళాల బూటుకు 160-180 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. లేసుల మీద కప్పే తోలు రేకు కూడా పెట్టించండి, నన్నడిగితే లేసుకంటే అదే ముఖ్యం.

తోలు విషయంలో, పైపొర చెక్కని క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) 2.2-2.5 మిల్లీమీటర్ల మందంలో అడగండి. తంగేడు చెక్క వంటి వాటితో పదును చేసిన తోలు బెల్టులకు అందంగా ఉంటుంది కానీ, వేడికి త్వరగా ముడుచుకుని బిరుసెక్కుతుంది. నూనె బాగా పట్టించిన తోలు వానకు, బురదకు భేష్. నిప్పు దగ్గర వద్దు. కోసిన అంచు చూడకుండా బయానా ఇవ్వకండి: పైన ప్లాస్టిక్ పొర, కింద నూగు కనిపిస్తే అది అడుగుపొర తోలు.

కుట్టు దారం కూడా కెవ్లార్‌దే వేయమనండి.