ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కట్టిన ట్యూన్ అందరిదీ అయిపోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత వీడియో గేమ్‌ల తరహా సంగీతం చేయడమంటే నాకు ప్రాణం. ఫామిట్రాకర్, ఫర్నేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు వాడతాను. నిరుడు హైదరాబాద్‌లోని ఒక చిన్న గేమ్ సంస్థ నాతో 9 ట్యూన్లు చేయించుకుంది. ట్యూన్‌కు రూ.2,000 చొప్పున వాట్సాప్‌లోనే మాట్లాడుకున్నాం. రూ.10,000 ఇచ్చారు, ఇంకా రూ.8,000 రావాలి. ఇప్పుడు అవే ట్యూన్లు వాళ్ల రెండో గేమ్‌లో, దాని ప్రకటనలో వినిపిస్తున్నాయి. అడిగితే ‘నువ్వు వాడింది జీపీఎల్ (ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఒక రకం లైసెన్స్) సాఫ్ట్‌వేర్, అందులో చేసినవి అందరివీ. పైగా మేం డబ్బులిచ్చాం’ అంటున్నారు. నోటీసు పంపుదామంటే నాన్న వద్దంటున్నారు. రెండు ట్యూన్లలో డ్రమ్ శబ్దాలు పాత జపాన్ గేమ్ నుంచి తీసుకున్నాను. ఇంకో ట్యూన్‌లో ఫ్రెండ్ ఇచ్చిన క్రాక్ ప్లగిన్ (సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం, దొంగ కాపీ) వాడాను. కేసు నా మీదికే తిరుగుతుందా? ఒక సినిమా పాటను 8-బిట్‌లో, అంటే పాత గేమ్‌ల శబ్దాల్లో, చేసి యూట్యూబ్‌లో పెట్టాను, అది కూడా తప్పేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఆ ట్యూన్లు మీ అబ్బాయివే. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసినంత మాత్రాన అవి ఊరందరి సొత్తు అయిపోవు. హార్మోనియం పెట్టె ఎవరు తయారు చేసినా దాని మీద కట్టిన వరస కట్టినవాడిదే కదా. చట్టం కూడా అదే చెబుతుంది. మీ వైపు రెండు మూడు లోపాలు ఉన్న మాట నిజమే, నోటీసు కంటే ముందు వాటిని సరిచేసుకోవాలి. ఎలాగో చెబుతాను.

మీరు పంపిన ఫామిట్రాకర్ ఫైలును మా జూనియర్ కంప్యూటర్‌లో తెరిచి చూపించారు. కిరాణా కొట్టు చిట్టాలా పైనుంచి కిందికి గళ్లు, 5 నిలువు వరుసలు. రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్ (ఇవి చిప్ పుట్టించే శబ్దాల రకాలు), చివరిది శాంపిల్స్‌కు, అంటే ముందే రికార్డు చేసిన చిన్న శబ్దాల ముక్కలకు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌లోని చిప్‌కు ఉన్నవి ఆ ఐదు గొంతులే. 90ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ డబ్బాల్లో చాలావరకు దాని నకళ్లే. ఆ గళ్లలో ‘సి-4’ తర్వాత ఏ స్వరం రావాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒణకాలో ఒక్కొక్కటీ మీరు కూర్చుని టైప్ చేసినవే. చట్టం కాపాడేది ఆ కూర్పునే. కాపీరైట్ చట్టం, 1957లో ‘సంగీత రచన’ నిర్వచనం ఉంది. సంగీతాన్ని రాసిపెట్టుకునే గుర్తులు కూడా అందులోకే వస్తాయి. ఆ గళ్ల పట్టీని స్వరలిపిగా కోర్టు ముందు పెట్టడానికి నేనైతే ఏ మాత్రం సందేహించను.

ఇక జీపీఎల్ సంగతి. ఫామిట్రాకర్, ఫర్నేస్ రెండూ జీపీఎల్ కిందే వచ్చాయి. 1991 నాటి రెండో వెర్షన్‌లో షరతుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆ సున్నా నంబరు షరతులోనే వాళ్ల వాదనకు జవాబుంది. ప్రోగ్రాంను నడపడం మీద ఆంక్షలేమీ లేవు, నడిపితే బయటికి వచ్చే ఫలితం ఆ ప్రోగ్రాం ఆధారంగా తయారైన రచన అయితేనే లైసెన్స్ దానికి వర్తిస్తుంది అని దాని సారాంశం. మీరు ఫర్నేస్ కోడ్‌ను మార్చి కొత్త ట్రాకర్ (ఇలా గళ్లలో సంగీతం కట్టే ప్రోగ్రాం) తయారుచేసి పంచితే ఆ కోడ్‌ను కూడా జీపీఎల్ కిందే ఇవ్వాలి. ట్యూన్‌కు ఆ బాధ్యత లేదు.

ఒక్క మెలిక ఉంది. ఫామిట్రాకర్ నుంచి పాటను వేవ్ ఫైలుగా తీస్తే అందులో ఉండేది శబ్దం మాత్రమే. ఎన్‌ఎస్‌ఎఫ్ ఫైలుగా తీస్తే మాత్రం మీ స్వరాలతో పాటు వాటిని ఆ పాత చిప్ మీద వాయించే చిన్న ప్రోగ్రాం కూడా అందులోకి వెళ్తుంది. అలాంటి ఫైలును ఎవరికైనా అమ్మేటప్పుడు ఆ ప్రోగ్రాం షరతులు విడిగా చదువుకోవాలి. మీరు హైదరాబాద్ వాళ్లకు పంపినవన్నీ వేవ్ ఫైళ్లే కాబట్టి ఈ మెలిక మీకు అడ్డం రాదు.

‘డబ్బులిచ్చాం’ అన్న మాట దగ్గర చాలామంది పిల్లలు నోరు మూసుకుంటున్నారు. అది నాకు బాధగా ఉంటుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రచన చేసినవారే తొలి హక్కుదారు. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, గీయించుకున్న బొమ్మ విషయంలో కూడా హక్కు డబ్బిచ్చినవారిదే. కానీ ఆ వరుసలో సంగీతం పేరు లేదు. మీకు జీతం లేదు, హాజరు లేదు, హాస్టల్ గదిలో మీ సొంత ల్యాప్‌టాప్ మీద చేశారు. మీరు వాళ్ల ఉద్యోగి కారు. సౌండ్ రికార్డింగ్‌కు విడిగా ఇంకో హక్కు ఉంటుంది. అది చొరవ తీసుకుని, బాధ్యత మోసి రికార్డు చేసినవారిది. ‘చేయించింది మేమే కదా’ అని వాళ్లు ఆ దారిలో వాదించొచ్చు. వాదించినా, లోపలున్న స్వరరచన మీద మీ హక్కు పోదు.

హక్కులు బదలాయించాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. మీ చాట్ మొత్తం చదివాను. ‘మా గేమ్‌కి 9 ట్రాక్స్ కావాలి తమ్ముడూ, ఒక్కోటి 2 వేలు’ అని వాళ్లు, ‘ఓకే అన్నా’ అని మీరు. అంతే. అందులో హక్కులు రాసిచ్చిన ఊసే లేదు. అయితే అనుమతి, అంటే లైసెన్స్, వేరు. 2012లో సవరణ వచ్చాక లైసెన్స్ రాతలో ఉంటే చాలు, సంతకం అన్న మాట సెక్షన్ 30లోంచి తీసేశారు. కాబట్టి ఆ మొదటి గేమ్‌లో వాడుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే. ఆ గేమ్‌లోంచి ట్యూన్లు తీసేయమంటే కోర్టు మీ మాట వినకపోవచ్చు. రెండో గేమ్‌కు, ప్రకటనకు మాత్రం వాళ్ల దగ్గర ఏ అనుమతీ లేదు. మీ బలమంతా అక్కడే ఉంది, నోటీసు ఆ రెండింటి మీదే ఉండాలి.

ఇప్పుడు మీ వైపు లోపాలు. ఆ శాంపిల్ వరుసలో రెండు ఫైళ్ల పేర్లలో జపాన్ గేమ్ పేరే ఉంది. పేరైనా మార్చలేదు అంటే మీ మనసులో కపటం లేదని నాకు అర్థమవుతోంది, కానీ ఎదుటి లాయరుకు కూడా అదే ముందు కనిపిస్తుంది. జపాన్ బెర్న్ ఒప్పందంలో (కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) ఉన్న దేశం, అక్కడి రచనలకు మన దగ్గర కూడా రక్షణ ఉంది. రికార్డింగ్ మీద హక్కు మన చట్టంలో 60 ఏళ్లు, 80ల నాటి గేమ్‌కు ఆ గడువు ఇంకా తీరలేదు. ‘ఐదు సెకన్లలోపు వాడుకుంటే ఏమీ కాదు’ అని కుర్రాళ్లు గట్టిగా నమ్ముతున్నారు. అలాంటి సెకన్ల లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు.

చిప్ గొంతు ఎవరి సొత్తూ కాదని కూడా తెలుసుకోండి. పల్స్ తరంగం కీచుగా పలకడం, ట్రయాంగిల్ గుమ్మనడం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఆలోచనకు, శైలికి హక్కు ఉండదనీ, వ్యక్తీకరణకే ఉంటుందనీ 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ట్యూన్ పాత గేమ్‌లా వినిపించొచ్చు, పాత గేమ్‌లోని ముక్కను కోసి అతికించకూడదు. ఆ రెండు డ్రమ్ములను తీసేయండి. ట్రయాంగిల్ వరుసలో స్వరాన్ని గబుక్కున కిందికి జార్చితే గుమ్మనే దెబ్బ వస్తుంది, నాయిస్‌ను క్షణంపాటు తెరిచి మూస్తే చరుపు వస్తుంది. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. శాంపిలే కావాలంటే మీ ఊళ్లో డప్పు దెబ్బ ఒకటి, వాయించేవారిని అడిగి, మీ ఫోన్‌లోనే రికార్డు చేసుకోండి.

క్రాక్ ప్లగిన్ విషయం ఇంకొంచెం బరువైనది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాంను వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసం వాడకపోతే జైలు లేకుండా రూ.50,000 లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకు ఉంది. కానీ ఆ ట్యూన్‌కు మీరు డబ్బు తీసుకున్నారు కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోవద్దు. ప్లగిన్ దొంగదైనా ట్యూన్ మీద మీ హక్కు పోదు. అయితే ఆ పేరు చెప్పి అవతలివాళ్లు మిమ్మల్ని బెదిరించగలరు. ఈ రోజే దాని వాడకం ఆపండి. ఆ ట్యూన్‌ను ఫర్నేస్‌లోనే మళ్లీ కట్టండి, లేదా ప్లగిన్ కొనుక్కోండి. వాట్సాప్‌లో ఈ విషయాలు ఎవరికీ ఒప్పుకుంటూ రాయొద్దు. మీ లాయరు దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు, కోర్టులో అబద్ధం అసలే వద్దు.

ఈ కారణంగానే, మొదటి నోటీసులో సెక్షన్ 63 కింద క్రిమినల్ కేసు పెడతానన్న బెదిరింపు వద్దంటాను. ఆ నేరంలో పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చనీ, బెయిల్ హక్కుగా రాదనీ సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. చేతిలో అంత పదునైన కత్తి ఉన్నా, మీ ఇంట్లో 63బి భయం ఉన్నప్పుడు దాన్ని బయటికి తీయడం తెలివైన పని కాదు. సివిల్ దారి చాలు. శాంపిల్స్ లేని, క్రాక్ లేని 6 ట్యూన్ల పేర్లు రాసి, రెండో గేమ్‌లో, ప్రకటనలో వాడకం ఆపమనీ, వాడినందుకు పరిహారం ఇవ్వమనీ అడుగుదాం. బకాయి రూ.8,000 అదే నోటీసులో అడగొచ్చు. పని అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్ల లోపు ఆ డబ్బు కోసం దావా వేయాలి.

కోర్టు అంటే హైదరాబాద్ తిరగాలేమోనని మీ ఇంట్లో టెన్షన్ పడుతున్నారట. అక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం కాపీరైట్ దావా వేసేవారు తాము నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు. మీకు గుంటూరే. వివాదం విలువ రూ.3 లక్షలు, ఆపైన ఉంటే అది వాణిజ్య వివాదాల కోర్టు పరిధిలోకి వెళ్తుంది. అత్యవసరంగా ఇంజంక్షన్, అంటే వాడకం ఆపమనే కోర్టు ఉత్తర్వు, కావాలంటే తప్ప అక్కడ ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి. మీ లెక్క అంతదాకా వెళ్లదనుకుంటున్నాను.

సాక్ష్యం విషయంలో మాత్రం బద్ధకించకండి. అసలు ప్రాజెక్టు ఫైళ్లు, అంటే ఫామిట్రాకర్ ఎఫ్‌టీఎం ఫైళ్లు, ఫర్నేస్ ఫర్ ఫైళ్లు, ఉన్నవి ఉన్నట్టుగా ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పక్కన పెట్టండి. మార్పులన్నీ వేరే కాపీలోనే చేయండి. చాట్‌ను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా పూర్తిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫోన్ మార్చొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. రెండో గేమ్‌ను ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి, ట్యూన్ వినిపించే చోట్లను తేదీ కనపడేలా వీడియో తీయండి. రేపు వాళ్లు తీసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కట్టిన రోజే హక్కు పుడుతుంది. సంగీత రచనకు రుసుము రూ.500, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. వాళ్లు వాడుకున్న ట్యూన్లకైనా చేయించుకుంటే మంచిది.

సినిమా పాట సంగతి క్లుప్తంగా చెబుతాను. గొంతు లేకపోయినా, ప్రతి స్వరం మీరే టైప్ చేసినా, ఆ వరస సంగీత దర్శకుడిదే. చిప్ మారితే వరస మారదు. హక్కుదారుల అనుమతి లేకపోతే తీసేయండి. చేయాలనే కోరిక బలంగా ఉంటే త్యాగరాజ కీర్తన ఒకటి తీసుకోండి. ఆయన 1847లో కన్నుమూశారు, రచయిత పోయాక 60 ఏళ్లు అన్న గడువు ఎప్పుడో దాటింది. ఎవరో పాడిన రికార్డింగ్‌లోంచి ముక్క మాత్రం తీసుకోవద్దు.

నోటీసు అందాక వాళ్లు రూ.8,000 చెక్కుతో పాటు ఒక కాగితం పంపి సంతకం పెట్టమనే అవకాశం ఎక్కువ. అందులో ‘అసైన్‌మెంట్’, అంటే హక్కుల బదలాయింపు, అన్న మాట కోసం వెతకండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితం చేస్తుంది. కానీ ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉంటే ఆ 9 ట్యూన్లూ మీ చేతిలోంచి వెళ్లిపోయినట్టే, రూ.8,000 దానికి ధర కాదు. సంతకం పెట్టకముందు ఆ కాగితం ఫొటో నాకు పంపండి.